రాజమహేంద్రవరంలో పంతులు గారి ఇళ్ళు

రాజమహేంద్రవరం అనగానే తెలుగువాళ్ళకు ముందుగా గుర్తుకు వచ్చేది గోదావరి. ఆ తర్వాత నన్నయ గారి భారతం, పుష్కరాలు, రైలు కిటికీలోంచి చిల్లర డబ్బులు విసిరే పొడవాటి వంతెన. మా చిన్నప్పుడు అందరం నోటినిండా రాజమండ్రి అనేవాళ్ళం. 2015 నుంచి అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. ఈ వ్యాసంలో రెండు పేర్లూ దొర్లుతాయి, పాఠకులు మన్నించాలి.

ఆ ఊళ్ళో పంతులు గారు అంటే ఒక్కరే. వారు గద్య తిక్కనగా, యుగకర్తగా పేరు పొందిన కందుకూరి వీరేశలింగం పంతులు గారు. ఆయన మీద పుస్తకాలు చాలా వచ్చాయి. తన కథ ఆయనే స్వీయ చరిత్రగా రాసి పెట్టారు. నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను, చరిత్రకారుణ్ణీ కాను. గోదావరి జిల్లాలో పుట్టి, ఇంగ్లండులో లెస్టర్ నగరంలో స్థిరపడినవాణ్ణి. తెలుగు కాగితాల మీద లీసెస్టర్ అని కనిపిస్తుంది గానీ, ఇక్కడ పలికేది లెస్టర్ అనే. పాత ఇళ్ళను, వాటి మీద తగిలించిన పేరు పలకలను జాగ్రత్తగా కాపాడుకునే దేశంలో ఇన్నేళ్ళుగా ఉంటున్నందువల్లనేమో, పంతులు గారి జీవితాన్ని ఆయన పుట్టిన, పనిచేసిన, కట్టించిన, చివరికి దానం చేసిన ఇళ్ళ వరుసలో చూడాలనిపించింది. కోటలు కట్టిన రాజుల కథలు మనకు బోలెడున్నాయి. నెల జీతం మీద బతికిన ఒక బడిపంతులు ఒక ఏటి ఒడ్డు ఊళ్ళో ఏమి కట్టి వెళ్ళాడో తెలుసుకోవడం మనబోటి ఉద్యోగస్తులకు ఇంకా ఎక్కువ పనికివస్తుంది.

వంకాయల వారి వీధి

1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో సుబ్బారాయుడు, పున్నమ్మ దంపతులకు వీరేశలింగం గారు జన్మించారు. ఆయన పుట్టిన ఇల్లు వంకాయల వారి వీధిలో ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరికి దిగువన ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర గోదావరికి ఆనకట్ట కట్టిస్తున్నారు. 1847లో మొదలైన ఆ పని 1852లో పూర్తయింది. కాలువల నీళ్ళతో డెల్టా పొలాలు మారిపోయాయి. ఇళ్ళ లోపలి ఆచారాలు మాత్రం మారలేదు. ఆ పని ఈ పిల్లవాడి వంతు అయింది.

నాలుగేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. పెదతండ్రి వెంకటరత్నం గారి అండలో, తల్లి పెంపకంలో పెరిగారు. పసితనంలోనే మశూచి వచ్చి తగ్గింది. ఉబ్బసం మాత్రం జీవితాంతం వదలలేదు. దగ్గుతూ, ఆయాసపడుతూనే ఆయన ఇంత పనీ చేశారన్న సంగతి మనం తరచుగా మరిచిపోతాం. 1861లో, పదమూడేళ్ళ వయసులో, బాపమ్మ గారితో పెళ్ళి అయింది. తర్వాత రాజ్యలక్ష్మమ్మగా పేరు పొందిన మహా ఇల్లాలు ఆమే. బాల్య వివాహాల మీద జీవితమంతా పోరాడిన మనిషిది కూడా బాల్య వివాహమే.

చదువుకునే రోజుల్లో కేశవచంద్ర సేనుల వారి రచనలు ఆయన మీద గట్టి ప్రభావం చూపాయి. తల్లికి దయ్యాల భయం ఎక్కువ. ఆ భయం పోగొట్టడానికి కుర్రవాడు అర్ధరాత్రి శ్మశానానికి నడిచి వెళ్ళి క్షేమంగా తిరిగి వచ్చాడని ప్రసిద్ధి. వాదించి ఊరుకోవడం ఆయనకు చాలేది కాదు. నమ్మినదాన్ని ముందు తన ఇంట్లో, తన ఒంటి మీద చేసి చూపించేవారు. ఆయన తర్వాతి జీవితమంతా ఈ ఒక్క గుణం చుట్టూనే తిరిగింది.

ధవళేశ్వరం బడి

మెట్రిక్యులేషన్ పూర్తిచేసి బడిపంతులు వృత్తిలోకి వచ్చారు. కోరంగిలో కొంతకాలం పనిచేసి ధవళేశ్వరం పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా వెళ్ళారు. ధవళేశ్వరం అప్పటికి చిన్న ఊరు. ఒక పక్క గోదావరి, ఒక పక్క కొండ, కొండ మీద జనార్దన స్వామి గుడి, కింద ఆనకట్ట. 1874లో అక్కడే ఆడపిల్లల కోసం బడి పెట్టారు. వివేకవర్ధని పత్రికను ప్రారంభించింది కూడా ఆ సంవత్సరమే. మొదట్లో పత్రికను మద్రాసులో అచ్చు వేయించేవారు. అది ఇబ్బంది కావడంతో రాజమండ్రిలో సొంత ముద్రణాలయం పెట్టుకున్నారు. లంచాలు మరిగిన ఉద్యోగుల దగ్గర నుంచి శుల్కం పుచ్చుకుని పిల్లల్ని ముసలివాళ్ళకు కట్టబెట్టే తండ్రుల దాకా ఎవరినీ ఆ పత్రిక వదలలేదు. ఊళ్ళో పెద్దమనుషులకు కంటగింపు అప్పుడే మొదలైంది.

ఆ ఊరిని ఆయన ఊరికే వదలలేదు. 1878లో వివేకవర్ధనిలో వెలువడటం మొదలైన రాజశేఖర చరిత్రము ధవళేశ్వరం వర్ణనతోనే ఆరంభమవుతుంది. గోల్డ్‌స్మిత్ రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ నవల స్ఫూర్తితో మొదలుపెట్టినా, అందులోని ఊరు, ఇల్లు, మనుషులు అచ్చంగా మన గోదావరి వాళ్ళే. ఇంటి చావడిలో కూర్చుని ఇంటాయనను పొగిడే బంధువులు, ఆ పొగడ్తలకు పొంగిపోయి డబ్బంతా పోగొట్టుకునే పెద్దమనిషి, జాతకాలు, స్వర్ణవిద్య పేరుతో మోసాలు, ఇవన్నీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాయి. ఆనాటి మన ఇళ్ళు లోపల ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి పుస్తకం లేదు. హచిన్సన్ అనే దొర దానిని ఇంగ్లీషులోకి అనువదించగా 1887లో లండన్‌లో అచ్చయింది. మనం ఈ దేశానికి రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే ధవళేశ్వరంలోని ఒక ఇల్లు ఇక్కడికి వచ్చేసిందన్నమాట.

చట్టానికి ఒక ఇల్లు కావాలి

ఆ కాలపు అగ్రవర్ణాల ఇళ్ళను ఒక్కసారి ఊహించుకోండి. వీధి అరుగు మగవాళ్ళది. మధ్య గదులు సంసారులవి. భర్త పోయిన ఆడపిల్లకు, ఆమెకు పదేళ్ళే అయినా సరే, మిగిలేది వంటిల్లు, పెరడు. శుభకార్యం నాడు ఎదురు రాకూడదు. జుట్టు తీయించుకోవాలి. ఒంటిపూట తినాలి. చాకిరీ మాత్రం అందరికంటే ఎక్కువ. మొగుడి ముఖం గుర్తైనా లేని పసిపిల్లలు ఎందరో ఇలా పెరటి వైపు గదుల్లో ముసలివాళ్ళైపోయారు.

వితంతువుల పెళ్ళి చెల్లుతుందని 1856లోనే చట్టం వచ్చింది. బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు దాని కోసం పోరాడారు. మన ప్రాంతంలో ఆ చట్టం కాగితం మీదే ఉండిపోయింది. పిల్లనిచ్చేవాడు, చేసుకునేవాడు, మంత్రం చెప్పే పురోహితుడు, వంట చేసేవాడు దొరకాలి. వీటన్నిటికంటే ముందు, పెళ్ళి పందిరి వేయడానికి ఎవరో ఒకరు తమ ఇల్లివ్వాలి. పాతికేళ్ళపాటు ఆ ఇల్లే దొరకలేదు.

1879 ఆగస్టులో పంతులు గారు రాజమండ్రిలో వితంతు వివాహాల మీద మొదటి ఉపన్యాసం ఇచ్చారు. వాదాన్ని ఆయన పాశ్చాత్య గ్రంథాల మీద కాకుండా మన ధర్మశాస్త్రాల మీద, ముఖ్యంగా పరాశర స్మృతి మీద నిలబెట్టారు. పండితులతో వాదోపవాదాలు చాలాకాలం నడిచాయి. మాటలతో తేలదని ఆయనకు త్వరలోనే అర్థమైంది. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య గారు ధనసహాయానికి ముందుకు వచ్చారు. బసవరాజు గవర్రాజు వంటి మిత్రులు, కళాశాల విద్యార్థులు తోడు నిలిచారు.

1881 డిసెంబరు 11న పంతులు గారు తన ఇంట్లోనే గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మలకు పెళ్ళి చేశారు. మన ప్రాంతంలో మొదటి వితంతు వివాహంగా అది చరిత్రకెక్కింది. కాపలాకు పోలీసులను పెట్టవలసి వచ్చింది. విద్యార్థులు ఇంటికి అండగా నిలబడ్డారు. కొద్ది రోజులకే రెండో వివాహం కూడా జరిపించారు.

ఆ తర్వాత ఊరు ఊరంతా ఆ ఇంటిని వెలివేసింది. బంధువులు మొహం చాటేశారు. పీఠాధిపతుల నుంచి శ్రీముఖాలు వచ్చాయి. పెళ్ళికి వచ్చినవాళ్ళలో కొందరు భయపడి ప్రాయశ్చిత్తాలు చేయించుకున్నారు. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు ఆ ఇంటి గడప తొక్కడం మానేశారు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా గోదావరికి వెళ్ళి బిందెతో నీళ్ళు మోసుకువచ్చి, ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ వండి పెట్టారు. తన వైపు వాళ్ళు దూరమైనా ఆవిడ భర్త పక్షాన్ని వదలలేదు. పంతులు గారి పేరు తలిచినప్పుడల్లా ఆ బిందె మోసిన చేతుల్ని కూడా తలుచుకోవాలి. ఉపన్యాసాలు ఆయనవి, ఇల్లు నిలబెట్టింది ఆవిడ.

కథ పెళ్ళితో ముగిసిందనుకుంటే పొరపాటు. పెళ్ళి చేసుకున్న జంటలకు తల దాచుకోవడానికి చోటు కావాలి. ఉద్యోగం కావాలి. పురుడు వస్తే చూసేవాళ్ళు కావాలి. ఇవన్నీ ఆ దంపతుల మీదే పడ్డాయి. వచ్చినవాళ్ళందరూ ఆదర్శంతో రాలేదు. డబ్బుకు ఆశపడి వచ్చినవాళ్ళూ ఉన్నారు, తర్వాత ఎదురు తిరిగినవాళ్ళూ ఉన్నారు. ఈ సంగతులు పంతులు గారు దాచుకోకుండా స్వీయ చరిత్రలో రాశారు. అప్పుల పాలయ్యారు, నిందలు పడ్డారు, అయినా మానలేదు. ఆయన చేతుల మీదుగా దాదాపు నలభై పెళ్ళిళ్ళు జరిగాయని చెబుతారు. నలభై అంటే చిన్న సంఖ్యే అనిపించవచ్చు. ఒక్కొక్క పెళ్ళికీ ఒక ఇల్లు వెలి భరించిందని గుర్తుపెట్టుకుంటే అది చిన్నది కాదు.

అదే ఏడు, లెస్టర్‌లో

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. లెస్టర్‌లో హంబర్‌స్టోన్ గేట్ అనే వీధిలో సెక్యులర్ హాల్ అనే ఎర్ర ఇటుకల భవనం ఉంది. దానిని ప్రారంభించింది 1881 మార్చిలో, అంటే రాజమండ్రి పెళ్ళికి తొమ్మిది నెలల ముందు. ముఖద్వారం వైపు సోక్రటీస్, ఏసుక్రీస్తు, వోల్టేర్, థామస్ పెయిన్, రాబర్ట్ ఓవెన్‌ల శిల్పాలుంటాయి. చర్చి పెద్దలకు నచ్చని భావాలు చెప్పుకోవడానికి ఊళ్ళో చోటు దొరకకపోతే, జొసయ్య గింసన్ అనే పారిశ్రామికవేత్త, ఆయన మిత్రులు కలిసి వాటాలు వేసుకుని ఆ హాలు కట్టించారు.

పంతులు గారు గొప్ప ఆస్తికులు. ఆ హాలులో చెప్పే భావాలన్నిటితో ఆయన ఏకీభవించి ఉండేవారు కారు. అయినా రెండు ఊళ్ళలోనూ వచ్చిన ఇబ్బంది ఒక్కటే. కొత్త మాట చెప్పాలంటే దానికి ఒక కప్పు కావాలి. లెస్టర్‌లో పారిశ్రామికవేత్తలు, వాటాదారులు ఉన్నారు. రాజమండ్రిలో ఒక తెలుగు పండితుడి ఇల్లు ఉంది. పోల్చి చూసినప్పుడు మనవాళ్ళ సాహసం ఎంతటిదో నాకు తెలిసివచ్చింది. వాటాలు పెట్టినవాళ్ళు డబ్బు పోగొట్టుకుంటారేమో, ఇల్లిచ్చినవాడు కులాన్ని, బంధువర్గాన్ని, రేపటి వంటకు నీళ్ళను కూడా పోగొట్టుకున్నాడు.

ఊరికి ఇచ్చిన కట్టడాలు

ఇంటి మీద ఇంత భారం పడ్డాక, ఊరికి పనికివచ్చే చోట్లు ఉండాలని పంతులు గారు గ్రహించారని నా అభిప్రాయం. ఆ తర్వాత ఆయన చేసిన పనులన్నీ కట్టడాల రూపంలోనే కనిపిస్తాయి. 1878లో మిత్రులతో కలిసి మొదలుపెట్టిన ప్రార్థన సమాజానికి కొనసాగింపుగా 1887లో బ్రహ్మ సమాజ మందిరం నెలకొల్పారు. 1890లో టౌన్ హాలు కట్టించారు. ఊళ్ళోవాళ్ళు కులభేదం లేకుండా ఒకచోట కూర్చుని, ఉపన్యాసాలు విని, వాదించుకునే చోటు అది. వితంతువుల కోసం ముందు మద్రాసులో, తర్వాత 1905లో రాజమండ్రిలో శరణాలయాలు పెట్టారు.

మధ్యలో రచన ఆగలేదు. సతీహితబోధిని పత్రిక, సత్యవతీ చరిత్ర, ఆంధ్ర కవుల చరిత్రము, సంగ్రహ వ్యాకరణము, శాస్త్ర విషయాల మీద పాఠ్యపుస్తకాలు, ప్రహసనాలు, మొత్తం నూరుకు మించిన గ్రంథాలు. 1880లో ఆయన విద్యార్థుల చేత ఆడించిన వ్యవహార ధర్మబోధిని వంటి ప్రదర్శనలతో తెలుగు నాటకం రంగస్థలం ఎక్కింది. అందుకే ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 16ను ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నారు. ప్రభుత్వం 1893లో రావు బహద్దూర్ బిరుదు ఇచ్చింది. 1898లో మద్రాసులో జరిగిన సంఘ సంస్కరణ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. దక్షిణ దేశపు విద్యాసాగరుడని రానడే గారు ఆయనను శ్లాఘించారు. 1899లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్ళి కొన్నేళ్ళు తెలుగు బోధించి, మళ్ళీ గోదావరి ఒడ్డుకే చేరుకున్నారు.

ఆ దంపతులకు సంతానం లేదు. 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తమ యావదాస్తినీ దానికి రాసి ఇచ్చేశారు. ఇల్లు, తోట, ముద్రణాలయం, పుస్తకాల మీద వచ్చే రాబడి, అన్నీ సమాజానివే. జీవితమంతా సంపాదించినది కళ్ళముందే ఇంకొకరి పేర రాసి, అందులోనే అతిథిలా బతకడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. 1910 ఆగస్టులో రాజ్యలక్ష్మమ్మ గారు కన్నుమూశారు. పంతులు గారి చివరి ఏళ్ళు ఒంటరితనంలో, కోర్టు వ్యాజ్యాల చికాకుల మధ్య గడిచాయి. చివరిదాకా చేతిలో కలం మాత్రం ఉంది. 1919 మే 27న మద్రాసులో, విజ్ఞాన సర్వస్వ నిర్మాత కొమర్రాజు లక్ష్మణరావు గారి ఇల్లు వేదవిలాసంలో, ఆయన తుదిశ్వాస విడిచారు. ఎందరికో ఇల్లు ఇచ్చిన మనిషి ఒక మిత్రుడి ఇంట్లో వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఏమి మిగిలింది

వంకాయల వారి వీధిలోని జన్మగృహం పురావస్తు శాఖ సంరక్షణలోకి వచ్చి స్మారక భవనంగా నిలిచింది. టౌన్ హాలు ఉంది. ఆనందోద్యానంలో ఆ దంపతుల సమాధులున్నాయి. ఆయన పేరు మీద, రాజ్యలక్ష్మమ్మ గారి పేరు మీద కళాశాలలు వెలిశాయి. ఒకప్పుడు ఆడపిల్ల బడికి పోతే తప్పన్న ఊళ్ళో వేలమంది అమ్మాయిలు ఆవిడ పేరున్న కళాశాలలో డిగ్రీలు పుచ్చుకుంటున్నారు. మన సభల్లో వేదిక మీద మాట్లాడే డాక్టరమ్మలు, ఇంజనీరమ్మలు ఎందరి చదువుకో మొదటి మెట్టు ధవళేశ్వరంలో 1874లో పడింది.

అన్ని కట్టడాలకూ ఈ అదృష్టం పట్టదు. పాతవాటిని కాపాడుకుంటారని మనం మెచ్చుకునే ఇంగ్లండులోనూ అంతే. మద్యపాన నిషేధం కోసం పాటుపడి, ఆ సభలకు జనాన్ని రైల్లో తీసుకువెళ్ళడంతో పర్యాటక వ్యాపారానికే నాంది పలికిన థామస్ కుక్ మా లెస్టర్ వాడే. ఆయన పూనికతో 1853లో తెరిచిన టెంపరెన్స్ హాలును 1960వ దశకంలో పడగొట్టేశారు. రైల్వే స్టేషను బయట ఆయన విగ్రహం ఉంది, హాలు మాత్రం లేదు. విగ్రహం ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, పోయిన ఇంటిని తిరిగి తేలేం.

మా సొంత ఊళ్ళో మండువా ఇళ్ళు ఒక్కొక్కటీ నేలమట్టమై అపార్టుమెంట్లు లేస్తున్నాయి. అన్నదమ్ముల వాటాల్లో, మరమ్మతుల ఖర్చుల్లో, చూసేవాళ్ళు లేక చాలా ఇళ్ళు పోతున్నాయి. ఎవరినీ తప్పు పట్టలేం. పంతులు గారి ఇల్లు మాత్రం ఎందుకు మిగిలిందని నేను చాలాసార్లు ఆలోచించాను. గోడలు గట్టివి కావడం వల్ల కాదు. ఆయన తన ఆస్తిని వారసులకు కాకుండా ఒక ఆశయానికి రాసి ఇచ్చారు. ఆ ఇంట్లో ఏమి జరిగిందో ఊరు మరిచిపోకుండా పుస్తకంలో రాసి పెట్టారు. ఏ ఇల్లైనా నిలవాలంటే గోడల కంటే ముందు దాని కథ నిలవాలి.

కాబట్టి ఈ మహాసభకు వచ్చిన మిత్రులకు ఒక చిన్న విన్నపం. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు గుళ్ళతో, షాపింగులతో పాటు రాజమండ్రికి ఒక రోజు కేటాయించండి. పొద్దున్నే వంకాయల వారి వీధి, తర్వాత టౌన్ హాలు, ఆనందోద్యానం, దారిలో దామెర్ల రామారావు గారి చిత్రశాల, గౌతమీ గ్రంథాలయం చూసి, సాయంత్రానికి ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ మ్యూజియం చేరుకోవచ్చు. పిల్లలకు గోదావరి రేవు చూపించి, రాజ్యలక్ష్మమ్మ గారు నీళ్ళు మోసింది ఈ ఏటి నుంచేనని చెప్పండి. ఆ ఒక్క మాట చాలు, మిగతా కథ వాళ్ళే అడుగుతారు.

తిరిగి వచ్చేలోగా మీ సొంత ఊళ్ళో తాతగారి ఇల్లు ఇంకా ఉంటే, దాని ప్రతి గదీ ఫొటో తీయండి. అరుగు మీద ఎవరు కూర్చునేవారో, పెరటి గదిలో ఎవరు ఉండేవారో, పెద్దవాళ్ళను అడిగి వాళ్ళ పేర్లతో సహా రాసుకోండి. ముఖ్యంగా ఆ పెరటి గదిలో ఉన్నామె పేరు. ఆమె కోసమే ఒక బడిపంతులు తన ఇల్లు ఇచ్చాడు.